బొమ్మలో సంగటి, పొట్లంలో సంగటి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల కడపలో ఒక హోటల్ నుంచి యాప్ ద్వారా రాగి సంగటి, నాటుకోడి పులుసు తెప్పించుకున్నాము. బొమ్మలో నడుమ నేతి గుంటతో నిగనిగలాడిన ముద్ద పొట్లంలో చీనీకాయంతే ఉండగా, పులుసులో రెండే ముక్కలు తేలాయి. (నెయ్యి సంగతి అడగనక్కరలేదు.) ఆ బొమ్మ ఆ వంటింట్లో తీసినదేనా అన్న సందేహం కలిగింది.

ఐస్‌క్రీమ్ కరగకుండా దాని స్థానంలో బంగాళాదుంప ముద్ద పెట్టడం, పండ్లపై తాజాదనం కోసం గ్లిజరిన్ చిలకరించడం ప్రకటనల ఫోటోలలో పాత పద్ధతులే. అమెరికాలో క్యాంప్‌బెల్ సంస్థ సూప్ గిన్నె అడుగున గాజు గోలీలు పోసి కూరగాయ ముక్కలు పైకి కనబడేలా చేసినందుకు, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1970లో ఆ పద్ధతిని మాన్పించింది.

మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 53వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెబుతున్నది. ప్యాకెట్ మూలన చీమ తలకాయంత అక్షరాలతో ‘చిత్రం ఊహాత్మకం’ అని అచ్చువేస్తే బాధ్యత తీరిపోయినట్లేనా? యాప్‌లో పెట్టే బొమ్మ ఆ హోటల్ వడ్డించే పదార్థానిదే అయ్యేలా, పక్కనే బరువు, ముక్కల లెక్క రాసేలా జిల్లా ఆహార భద్రత అధికారులు హోటళ్లవారిని ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు, కడప