పొద్దుతిరుగుడులో తాలు: విత్తనాన్ని తిట్టేముందు పువ్వును చూడండి

సంపాదకులకు,

పొద్దుతిరుగుడు కోతల వేళ ఏటా ఒకే మాట వినిపిస్తుంది: "పువ్వు జానెడు వచ్చింది, లోపలంతా తాలే. నకిలీ విత్తనం అంటగట్టారు." నకిలీ విత్తనాలు లేవని అనడం లేదు. కానీ చేను ఒకే ఎత్తున పెరిగి, నాలుగైదు రోజుల తేడాతో అంతా పూసి, గింజ మాత్రం పప్పు పట్టక డొల్లగా, అంటే తాలుగా, మిగిలిందంటే ముందుగా అనుమానించాల్సింది పూత నాటి పది రోజులను.

మనం ఒక పువ్వు అనుకునేది వందల చిన్న పూల గుంపు. అంచున పసుపు రేకలున్న పూలకు గింజ రాదు. గింజ కట్టేవి లోపలి గొట్టపు పూలు. ఇవి అంచు నుంచి మొదలై రోజుకు రెండు మూడు వరుసల చొప్పున మధ్యకు విచ్చుకుంటూ పోతాయి. ఒక్కో చిన్న పువ్వులో మొదటి రోజు పుప్పొడి బయటికొస్తుంది. దాన్ని అందుకునే కీలాగ్రం విచ్చుకునేది మర్నాడు. పైగా తన పుప్పొడి తనకు సరిగా పనికిరాదు. హైబ్రిడ్లలో ఈ ఇబ్బంది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పుప్పొడి బరువు, జిగట కూడా, గాలిని నమ్ముకోలేం. తేనెటీగ రావాలి, లేదా మనిషి చెయ్యి పడాలి.

కోతకు ముందు ఒక పువ్వును నిలువునా చీల్చి, అంచు నుంచి మధ్యదాకా గింజలను వరుసగా గోటితో నొక్కి చూడండి. తాలు అంతటా చెదిరి ఉంటే పరాగ సంపర్కం చాలలేదు. అంచు గింజలు గట్టిగా ఉండి మధ్య భాగమంతా తాలైతే, గింజ నిండే దశలో నీరో పోషకాలో అందలేదు. ఆఖరున విచ్చుకున్న పూలకు తిండి కూడా ఆఖరునే అందుతుంది. నడిమధ్య రూపాయి బిళ్లంత తాలు మంచి చేలోనూ ఉంటుంది, దానికి కంగారు అక్కర్లేదు. గట్టి గింజల వరుసల నడుమ ఒక వలయం మాత్రమే తాలైందా? ఆ వరుసలు విచ్చిన రెండు మూడు రోజుల్లో వాన పడి ఉంటుంది, ఎండ మండి ఉంటుంది, లేదా పూత మీద పురుగుమందు కొట్టి ఉంటారు.

ఈ మందు సంగతే మరీ బాధాకరం. శనగపచ్చ పురుగు కనిపించిందని ఉదయం ఎనిమిదింటికే పంపు భుజానికెత్తుకుంటున్నారు. విచ్చిన పువ్వు పొద్దు వెంట తిరగదు, తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. పొద్దున్నే వెచ్చబడుతుంది కనుక తేనెటీగలు వాలేదీ ఆ వేళకే. మందు తప్పదనుకుంటే సాయంత్రం, ఈగలు వెళ్లాక కొట్టాలి. ఎకరాకు రెండు తేనెటీగల పెట్టెలు పెట్టుకోగలిగితే మంచిది. లేకపోతే ఉదయం 8 నుంచి 11 మధ్య, మంచు ఆరాక, చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకొని ఒక్కో పువ్వునూ మెల్లగా రుద్దుతూ పోవాలి. ఒక్కసారి చేసి వదిలేస్తే అప్పటికి విచ్చిన వరుసలకే లాభం. రోజు విడిచి రోజు, నాలుగైదు సార్లు చేయాలి. గట్టిగా రుద్దితే కీలాలు విరిగి ఉన్న గింజా పోతుంది.

గింజ కట్టడానికి బోరాన్ అనే పోషకం కూడా కావాలి. అందుకే పసుపు రేకలు విచ్చడం మొదలవగానే లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ (బోరాన్ ఉన్న పొడి) పిచికారీ చేయాలి, అంటే 200 లీటర్లకు 400 గ్రాములు. చన్నీళ్లలో ఇది త్వరగా కరగదు, నాజిల్‌కు అడ్డుపడుతుంది. ముందు కొద్దిపాటి వేడినీళ్లలో కరిగించి డ్రమ్ములో పోయండి. బోరాక్స్‌లో బోరాన్ సుమారు 11 శాతమే. 20 శాతం ఉన్న పొడి కొన్నవారు మోతాదు సగం చేయాలి, లేదంటే ఆకుల అంచులు మాడతాయి.

పువ్వు వంకర తిరిగిన ప్రతిచోటా బోరాన్ లోపమే అనుకోకూడదు. ఆకుల మీద, కాడ మీద ఎండు మచ్చలు కూడా ఉంటే అది నెక్రోసిస్ తెగులు కావచ్చు. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో బయటపడిన ఈ వైరస్ వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో దాగి, తామర పురుగుల ద్వారా చేలోకి వస్తుంది. బోరాక్స్ ఎంత కొట్టినా తగ్గదు. గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకి, చేను చుట్టూ అడ్డుగా మూడు నాలుగు వరుసలు జొన్న వేసుకోవాలి.

తాలు పెరిగితే తూకంతో పాటు నూనె శాతమూ పడిపోతుంది, పొట్టు ఎక్కువవుతుంది కనుక. ఆ పొట్టులోని మైనమే గానుగ నూనెలోకి దిగి, చలికాలంలో మబ్బుగా కనిపిస్తుంది. కాస్త వెచ్చబెడితే తేటపడుతుంది. పాపం, గానుగాయన మీద కల్తీ నింద వేస్తారు.

ఇక విత్తనమే తప్పైతే దాని గుర్తులు వేరు: మొక్కలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, కొన్ని కొమ్మలు వేస్తాయి, కొన్ని పూలలో పుప్పొడే ఉండదు. అలా కనిపిస్తే సంచి, దాని ట్యాగు, బిల్లు దాచిపెట్టి, పువ్వులు కోయకముందే మండల వ్యవసాయాధికారిని చేలోకి పిలవండి.

– నూనెగింజల రైతు, నంద్యాల