తిరిగి వచ్చిన ఫ్లాషర్ల గురించి, మేము రాసిన ఒక తప్పు వాక్యం గురించి

అంబులెన్సుల, అగ్నిమాపక వాహనాల హెచ్చరిక దీపాలను వెలిగించి ఆర్పే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లను మా వద్ద కొన్నవారిలో కొందరు, దీపాలు లయ తప్పుతున్నాయనీ, రెండు మూడు సార్లు వెలిగి ఆగి మళ్లీ మొదటికి వస్తున్నాయనీ చెప్పి వాటిని తిప్పి పంపారు. ఒక్కొక్కదాన్నీ బల్ల మీద 12 వోల్టుల బ్యాటరీకి, 55 వాట్ల హాలోజన్ బల్బులకు కలిపి చూస్తే చాలావరకు గంటల తరబడి చక్కగా పనిచేశాయి. అంతమాత్రాన తప్పు మీదేనని తేల్చేయడం న్యాయం కాదు; “నల్ల వైరును దగ్గరలోని ఏ లోహ భాగానికైనా బిగించవచ్చు” అని సూచన పత్రంలో రాసింది మేమే.

వేడెక్కి వంగే లోహపు పట్టీతో నడిచే పాతకాలపు రెండు పిన్నుల ఫ్లాషర్‌కు ఎర్త్ వైరే, అంటే కరెంటును బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేర్చే ఆ నల్ల వైరే, ఉండేది కాదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌లో వెలుగుల వ్యవధిని లెక్కించే సర్క్యూట్‌కు మాత్రం స్థిరమైన ఎర్త్ కావాలి. దీపాల ఎర్త్, ఫ్లాషర్ ఎర్త్ ఒకే బోల్టు కింద ఉండి, ఆ అతుకులో 0.2 ఓమ్‌ల నిరోధం ఉన్నా, రెండు బల్బులు ఒకేసారి తీసుకునే సుమారు 9 ఆంపియర్ల వద్ద 1.8 వోల్టులు అక్కడే పోతాయి. చల్లగా ఉన్న హాలోజన్ ఫిలమెంట్ తొలి క్షణంలో అంతకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక, సర్క్యూట్‌కు వోల్టేజి చాలక అది ఆగి, తిరిగి మొదలవుతుంది.

ఒక అంబులెన్సును స్వయంగా చూశాము. నల్ల వైరు రింగును సీటు బోల్టు కింద గట్టిగానే బిగించారు, కానీ దాని అడుగున పెయింటు చెక్కుచెదరలేదు. కరెంటు బోల్టు మీది మరచుట్ల గుండానే పోతోంది. గరుకు కాగితంతో రుద్ది మెరిసే ఇనుము కనిపించాక బిగిస్తే దీపాలు దారికి వచ్చాయి. అంతకు ముందు మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి చూసిన మెకానిక్‌కు దాదాపు సున్నాయే కనిపించిందట. మీటరు పంపే అతి చిన్న కరెంటుతో ఇటువంటి లోపం బయటపడదు. దీపాలు వెలుగుతుండగానే బ్యాటరీ నెగెటివ్‌కు, ఆ రింగుకు మధ్య వోల్టులు కొలవాలి. అర వోల్టు దాటితే ఫ్లాషర్‌ను అనుమానించే ముందు అతుకును విప్పి చూడండి, వీలైతే ఫ్లాషర్ ఎర్త్‌ను విడిగా బ్యాటరీ నెగెటివ్ దాకా తీసుకువెళ్లండి.

వెలుగుల తీరు దానంతట అదే మారుతోందన్న ఫిర్యాదులకు కారణం మరింత చిన్నది: తీరు మార్చే సన్న వైరు కొనకు టేపు చుట్టకుండా వదిలితే, కుదుపులకు అది బాడీకి తగిలిన ప్రతిసారీ కొత్త తీరు మొదలవుతుంది. ఆపివేశాక కూడా ఎల్‌ఈడీలు మసకగా వెలుగుతుంటే, స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ గుండా జారే స్వల్ప కరెంటు అందుకు కారణం కావచ్చు. ఆ కరెంటును ఎల్‌ఈడీల పక్కగా మళ్లించే రెసిస్టరును అడిగినవారికి ఉచితంగా పంపుతాము.

ఇక కొన్ని ఫ్లాషర్ పెట్టెల్లో లోపం నిజంగా మాదే. మూత అంచు సరిగా అతకక నీరు చేరి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయాయి. గడువుతో పని లేకుండా వాటిని మార్చి ఇస్తున్నాము, రానుపోను ఖర్చు కూడా మాదే. ఎర్త్ సరిచేసుకొని దీపాలు వెలిగించుకున్నవారు పెట్టెను పంపనక్కరలేదు, కానీ సరిచేయకముందు, చేశాక కొలిచిన వోల్టులను రాసి పంపితే కొత్త సూచన పత్రంలో చేరుస్తాము.