జలుబుల సీజన్: దయచేసి అందరూ చదవండి

అందరికీ నమస్కారమండీ. బెంగళూరులో ముసురు పట్టినప్పటి నుంచి మన అపార్ట్‌మెంట్‌లో ఏ ఇంట్లో విన్నా తుమ్ములే. జలుబు తెప్పించేవి వైరస్‌లు, 200కు పైగా రకాలున్నాయి. వాటిలో రైనోవైరస్‌లదే పెద్ద వాటా.

జలుబుకు ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకోవచ్చా అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. వద్దండీ. యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన అవి అవసరం పడవు. మామూలు జలుబు వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది.

అప్పటిదాకా వేడివేడి మిరియాల చారు, ఉప్పునీళ్లతో పుక్కిలింత, ముక్కులో సెలైన్ చుక్కలు, కంటినిండా నిద్ర. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ చాలు. అయితే జలుబు బిళ్ల కూడా వేసుకుంటుంటే స్ట్రిప్ తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో పారాసిటమాల్ ముందే ఉంటుంది, డోసు రెట్టింపవుతుంది.

పిల్లల విషయంలో నాకు నిజంగా భయం. మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టించకండి, ఒలికితే ఒళ్లు కాలిపోతుంది. ఏడాది నిండని పాపాయికి తేనె నాకించొద్దు. నాలుగేళ్లలోపు వాళ్లకు డాక్టర్ చెప్పకుండా దగ్గు, జలుబు సిరప్‌లు పోయొద్దు.

ఆయాసం, మూడు రోజులు దాటిన జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదరడం, పసిబిడ్డ పాలు తాగకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు మరీ జాగ్రత్త.