షట్‌డౌన్ కాని కంప్యూటర్, వినిపించుకోని కస్టమర్ కేర్: ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

నమస్కారం.

మీ కంపెనీ దగ్గర కొన్న నా కంప్యూటర్ షట్‌డౌన్ చేస్తే ఆగడం లేదు. తెర నల్లబడుతుంది కానీ లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ముందున్న లైటు ఆరదు. ఈ మాట మీ వాళ్లకు ఇప్పటికి పదకొండు సార్లు చెప్పాను. వస్తువన్నాక చెడిపోతుంది, అది నాకూ తెలుసు. పదకొండు సార్లు చెప్పినా ఒక్కరు తప్ప ఎవరూ చెవిన పెట్టలేదన్నదే నా బాధ.

మొదటిసారి ఫోన్ ఎత్తిన అబ్బాయి రీస్టార్ట్ చేసి చూడమన్నాడు. రీస్టార్ట్ బాగానే అవుతోంది, ఆపితేనే ఆగడం లేదన్నాను. "అయితే కంప్యూటర్ పనిచేస్తోంది కదా మేడమ్" అని ఫోన్ పెట్టేశాడు. గంట తిరక్కుండా మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

రెండోసారి మాట్లాడిన అమ్మాయి మాత్రం విషయం తెలిసిన మనిషి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వస్తోందని, షట్‌డౌన్ చేసినా అది విండోస్‌ను పూర్తిగా మూయకుండా కొంత భాగం డిస్కులో దాచిపెడుతుందని, ఒక్కోసారి దానివల్ల కూడా ఇలా అవుతుందని ఓపిగ్గా చెప్పింది. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి తీసేశాను. ఫలితం లేదు. మర్నాడు ఫోన్ చేసి ఆ అమ్మాయితోనే మాట్లాడతానంటే కుదరదన్నారు. మీ దగ్గర నా మాట విన్న ఒక్క మనిషినీ నాకు మళ్లీ దొరకనివ్వలేదు.

ఆ తర్వాత అంతా మొదటికొచ్చింది. యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేయమని ముగ్గురు వేర్వేరు రోజుల్లో చెప్పారు, మూడుసార్లూ పీకాను. ఒకాయన ఫార్మాట్ చేస్తే తప్ప లాభం లేదన్నాడు. ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకుని, ఫార్మాట్ చేసి, మళ్లీ అన్నీ సర్దుకునేసరికి రెండు రోజులు పట్టింది. అయినా ఆగలేదు. తర్వాత ఫోన్ ఎత్తినాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఫార్మాట్ చేసి చూశారా?"

ఇంతమందిలో ఎవరూ రాసుకోని విషయం ఒకటుంది. విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ బయోస్‌కు మీ వెబ్‌సైట్ చెప్పిన అప్‌డేట్ వేసిన రాత్రి నుంచే ఇది మొదలైంది. బయోస్ స్క్రీన్‌లో ఉండగా పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే కంప్యూటర్ వెంటనే ఆగిపోతోంది. విండోస్‌లోంచి షట్‌డౌన్ చేస్తేనే ఆగడం లేదు. అంటే బటన్, పవర్ సప్లై బాగానే ఉన్నట్టు. కరెంటు ఆపెయ్యమని విండోస్ చెప్పే మాట మదర్‌బోర్డుకు చేరడం లేదని, చదువుకున్న ఎవరికైనా అనుమానం రావాలి. నలుగురికి చెప్పాను. "నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నారు. ఐదో ఆయన్ని అడిగితే నా ఫిర్యాదు రాసుకున్న టికెట్‌లో "కస్టమర్‌కు షట్‌డౌన్ చేయడం తెలియదు" అని ఉందన్నాడు. ఆ మాట రాసిన వాళ్లు నాకు క్షమాపణ చెప్పాలి.

విండోస్ 95 రోజుల్లో, ఇక మీరు కంప్యూటర్ ఆపుకోవచ్చని తెర మీద వస్తే స్విచ్ మనమే నొక్కేవాళ్లం. ఆ పని కంప్యూటరే చేసుకోవడానికి 1996లో ఏసీపీఐ అనే ప్రమాణం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత నేను రోజూ అర్ధరాత్రి పని ముగించి, సీపీయూ పక్కన నేల మీద కూర్చుని, పవర్ బటన్ నొక్కిపట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతున్నాను. ఫ్యాన్ చప్పుడు ఆగాకే లేస్తాను. డిస్కులో ఏదైనా రాస్తుండగా ఆపేశానేమో, పొద్దున్నే తెరుచుకుంటుందో లేదోనని రోజూ టెన్షనే. నా సంపాదనంతా ఆ ఫైళ్లలోనే ఉంది.

ఇది మీ దగ్గర నేను కొన్న మూడో కంప్యూటర్. మొదటిది తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆ నమ్మకంతోనే మా చెల్లెలి చేత, ఇద్దరు స్నేహితుల చేత మీ కంపెనీవే కొనిపించాను. ఇప్పుడు వాళ్ల ముఖం ఎలా చూడను?

ఈసారి షట్‌డౌన్ ఎలా చేయాలో చెప్పడానికి ఎవరూ ఫోన్ చేయకండి. పాత టికెట్లన్నీ చదివిన టెక్నీషియన్‌ను పంపండి. పాత బయోస్ వేస్తారో, బోర్డు మారుస్తారో, కంప్యూటరే మారుస్తారో మీ ఇష్టం, ఖర్చు మాత్రం నాది కాదు. వారం చూస్తాను. అప్పటికీ పలకకపోతే పదకొండు టికెట్ల నంబర్లూ, మీ మెసేజ్‌లూ పట్టుకుని వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. పని తేలేలోపు ఇంకోసారి "పరిష్కారమైంది" అని మెసేజ్ పంపితే వారం కూడా ఆగను.

ఇట్లు,
మీ పాత కస్టమర్