ఆటుపోటుల మధ్య బొమ్మ

ఒరే సూరీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. కానీ చివరిదాకా చదివాక తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం. అద్దె పెరిగింది, అమ్మకు మోకాలి నొప్పి అలాగే ఉంది, మిగతావి ఫోన్లో చెప్తాలే. అసలు సంగతి వేరే.

సిడ్నీలో బాల్‌మెయిన్ అనే పేట ఉంది. అక్కడ పార్కు దిగువన, హార్బర్ నీళ్ళలోనే కట్టిన ఈతకొలను డాన్ ఫ్రేజర్ బాత్స్. 1880లలో కట్టిందట. నీళ్ళలోకి దిగ్గొట్టిన గుంజలు, వాటి మీద చెక్క నడవలు, రెండంతస్తుల వరండాలు. మధ్యలో ఉన్నది సముద్రపు నీళ్ళే, పోటుతో వచ్చి ఆటుతో పోతాయి. 1956, 1960, 1964 ఒలింపిక్స్ మూడింటిలోనూ వంద మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచిందే డాన్ ఫ్రేజర్, ఆవిడ ఈదింది ఇక్కడే. 1964లో ఆవిడ పేరే పెట్టారు.

దాన్ని నీటిరంగుల్లో బొమ్మ వేద్దామని పొద్దున్నే కూర్చున్నా. అప్పటికి నిండు పోటు. గుంజలు కనిపించేది జానెడే, ఎదురుగా కాకటూ ద్వీపం మీద పాత క్రేన్లు. మనకు బొమ్మలు నేర్పిన పకోడీ మాస్టారి మాట ప్రకారం ముందు నీడలు పెట్టా (నవ్వకు!). ఆకాశం, నీళ్ళు ఒకే వాష్‌లో, అంటే పల్చటి రంగు పూతలో, లాగి తలెత్తితే ఏముంది, నీళ్ళు దిగిపోతున్నాయి. గుంజలకు పట్టిన ఆల్చిప్పలు బయటపడ్డాయి, కింద తడి నలుపు, పైన ఎండిన బూడిద రంగు. కాసేపటికి ఒక మూల ఇసుక కూడా తేలింది. మన ఫిషింగ్ హార్బర్‌లో నువ్వు బొమ్మ వేస్తుండగానే ఆ బోటు వేటకెళ్ళిపోయిందని రాశావే, అదే నయం రా. పోయిందని ఒక ఏడుపు ఏడిస్తే సరిపోయింది. ఇక్కడ అన్నీ ఉన్నచోటే ఉండి కొలతలు మార్చుకుంటున్నాయి!

ఇంతలో ఒక ముసలాయన, ఎనభై ఉంటాయేమో, ఈత కొట్టి ఒళ్ళు కూడా తుడుచుకోకుండా వచ్చి నా భుజం మీదుగా వంగాడు. టప్ టప్‌మని ఉప్పునీటి చుక్కలు, సరిగ్గా తడి ఆకాశం మీద. ప్రాణం పోయినంత పనైంది. మళ్ళీ ఏమీ అనలేను, పెద్దాయన. పడ్డచోటల్లా రంగు పక్కకు జరిగి, అంచులు చిక్కబడి తెల్లటి పువ్వులు విచ్చుకున్నాయి. ఆయన అదేమీ గమనించలేదు. "నీళ్ళు తీశాక వెయ్యి, అప్పుడే దీని కాళ్ళు కనిపిస్తాయి" అని చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు.

నిజమే రా! పోటు వేళ అదొక అందమైన వరండా, అంతే. ఆటు వేళే, ఇన్నేళ్ళుగా ఉప్పునీళ్ళలో నిలబడ్డ కట్టడమని తెలుస్తుంది. అందుకే గుంజలు కిందికి పొడిగించా. ఆకాశంలో మచ్చలు మాత్రం ముట్టుకోలేదు. అద్దుదామని స్పాంజి తీశా కానీ, ఆ హార్బర్ నీళ్ళే వేసిన మచ్చలు కదా అనిపించి... మా ఆవిడేమో అవి బూజులా ఉన్నాయంటోంది. నువ్వు చెప్పు, ఫొటో పెడుతున్నా. నువ్వు ఇంగువ రంగు అంటావే, అది కూడా వాడా, ఎక్కడో కనిపెట్టు చూద్దాం.

ఇంకా బోలెడుంది, క్రేన్ల గురించి అసలు చెప్పనేలేదు, అవి ఎంత... సరే, పాప స్కూలు వదిలే టైమైంది, పరిగెత్తాలి. మళ్ళీ రాస్తా.

నీ
రాంబాబు