ఈ ఏడాది యర్ట్ పనులు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సంక్రాంతి శిబిరం రెండో రాత్రి, అమెరికాలోని ఉత్తర మినసోటాలో ఉన్న మన యర్ట్‌లో, అంటే గుండ్రటి గుడారం లాంటి ఇంట్లో, పొయ్యి తెల్లవార్లూ మండుతూనే ఉన్నా, నేల మీద పడుకున్న పిల్లలు చలికి నిద్రపోలేకపోయిన సంగతి అప్పుడు వచ్చిన సభ్యులందరికీ గుర్తుండే ఉంటుంది. నిలబడితే ముఖానికి సెగ తగులుతోంది, కూర్చుంటే వీపుకు గాలి కోస్తోంది. ఆ తరువాత జరిగిన సర్వసభ్య సమావేశంలో చాలామంది పెద్ద పొయ్యి కొనాలని సూచించారు. కార్యవర్గం ఆ సూచనను పరిశీలించి, పొయ్యిని అలాగే ఉంచి, యర్ట్ కోసం కేటాయించిన నిధులలో ఎక్కువ భాగాన్ని నేల కింద పనులకు వెచ్చించింది. ఆ నిర్ణయానికి కారణాలను సభ్యులకు వివరించడం మా బాధ్యత.

యర్ట్‌కు మూలమైన, మంగోలియా గడ్డిమైదానాలలోని సంచారుల గుడారం ‘గెర్’ నేలను ఆనుకుని కూర్చుంటుంది. చెక్క బద్దల తడిక గోడ, దాని మీద నుంచి నడినెత్తి వలయం దాకా వాలుగా లేచే వాసాలు, వాటన్నింటినీ కప్పే, ఉన్నిని అదిమి చేసిన ఫెల్ట్ గుడ్డ దాని నిర్మాణం. చలికాలంలో ఫెల్ట్ పొరలు పెంచుతారు. గోడ అడుగున ‘ఖయావ్చ్’ అనే పట్టీని చుట్టూ బిగించి నేలవారగా దూరే గాలిని ఆపుతారు. ఆ నిర్మాణ నైపుణ్యాన్ని యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన యర్ట్ దానికి అమెరికాలో పుట్టిన దూరపు బంధువు. 1962లో ఒక పత్రికలో వచ్చిన మంగోలియా యాత్రా వ్యాసం చూసి విలియం కోపర్‌త్‌వెయిట్ అనే ఉపాధ్యాయుడు ఇక్కడ ఈ ఆకారపు ఇళ్లు కట్టడం మొదలుపెట్టారు. మన యర్ట్‌లో ఫెల్ట్ ఉండదు. వినైల్ పూసిన గుడ్డ, దాని లోపల రేకు మెరుపున్న పలుచటి పొర ఉంటాయి. పైగా 20 అడుగుల వ్యాసం గల మన యర్ట్ దిమ్మెల మీద లేపిన చెక్క అరుగుపై నిలబడి ఉంది కాబట్టి, 314 చదరపు అడుగుల నేల కింద గాలి అడ్డు లేకుండా పారుతుంది. వేడిగాలి పైకి లేచి నడినెత్తిన ఉన్న గుమ్మటం దగ్గరికి చేరిపోతుంది, నేల మాత్రం బయటి చలితోనే ఉంటుంది. పొయ్యి ఎంత పెద్దదైనా మరింత వేడెక్కేది పైభాగమే.

అందుచేత సెప్టెంబరులో సభ్యులు నాలుగు వారాంతాలపాటు అరుగు కింద పాకుతూ, దూలాల మధ్య గట్టి ఫోమ్ పలకలు కోసి బిగించి, అంచుల సందులన్నీ పూడ్చి, ఎలుకలు దూరకుండా అడుగున ఇనుప జాలి కొట్టారు. మోకాళ్లు కొట్టుకుపోయినా ఒక్కరూ పని మధ్యలో వదిలి వెళ్లలేదని ఇక్కడ నమోదు చేయడం మాకు సంతోషం. తరువాత మంగోలుల పట్టీనే ఆదర్శంగా తీసుకుని, గోడ గుడ్డ అరుగు అంచును కలిసే చోట చుట్టూ మందపాటి కాన్వాస్ పట్టీ బిగించాం. అరుగు చుట్టూ గడ్డి మోపులు పేర్చాలన్న సూచనను మాత్రం అంగీకరించలేకపోయాం. తడిసిన గడ్డి చెక్కను కుళ్లబెడుతుంది, ఎలుకలకు ఇల్లవుతుంది, ఎండిన గడ్డికి నిప్పురవ్వ చాలు. దానికి బదులు, మంచు కురిశాక దానినే అరుగు ఎత్తు వరకు గట్టులా పోస్తాం. పొడి మంచులో చిక్కుకున్న గాలి చలిని బాగానే ఆపుతుంది. అయితే అరుగు దాటి గోడ మీదికి మంచు చేరనివ్వకూడదు, ఆ ఒత్తిడికి తడిక లోపలికి వంగుతుంది.

సందులు మూసిన కొద్దీ పొయ్యికి గాలి కరువవుతుంది. ఈ విషయంలో కార్యవర్గం రాజీ పడలేదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవారికి అది చేరినట్టు తెలియదు. పొయ్యికి బయటి నుంచి నేరుగా గాలి తెచ్చే గొట్టం అమర్చాం, దాని మూతిని మంచు గట్టు కప్పకుండా కొయ్య గూడు కట్టాం, హెచ్చరిక యంత్రాలు రెండు పెట్టాం. పొయ్యికీ, మండే స్వభావం గల ఏ వస్తువుకూ మధ్య 36 అంగుళాల దూరం ఉండేలా నేల మీద గీత గీశాం. తడి సాక్సులు ఆరబెట్టడానికైనా ఆ గీత దాటవద్దని మనవి.

గత ఏడాది పొగగొట్టం వేసిన పనివారు గోడ బయటి భాగంలో ఒంటి పొర గొట్టం వాడారు. పొగ దానిలో చల్లారిపోయి, తారులాంటి మడ్డి మందంగా పేరుకుంది. అది అంటుకుంటే యర్ట్ మిగలదు. ఆ భాగాన్ని పూర్తిగా తీసివేసి, వేడిని నిలిపే పొర గల గొట్టాన్ని అమర్చాం. పది అడుగుల పరిధిలోని కప్పు భాగం కంటే అది రెండు అడుగులు ఎత్తుగా ఉంది.

తేమ గురించి సభ్యులు ప్రత్యేకంగా శ్రద్ధ వహించాలి. గోడ లోపలి పొర వెనుక మార్చిలో బూజు కనిపించింది. దానికి ప్రధాన కారణం మనం అదనపు వేడి కోసం వాడిన, పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్. ఒక కిలో ప్రొపేన్ కాలితే దాదాపు 1.6 కిలోల నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. దానికి ఇరవై మంది ఊపిరీ, పులిహోరకు వండిన అన్నం ఆవిరీ తోడై, చల్లటి గుమ్మటానికి తగిలి నీటిబొట్లుగా మా పక్కల మీదే కురిసింది. ఆ హీటర్‌ను తొలగించాం. వంట జరిగేటప్పుడు గుమ్మటాన్ని రెండు వేళ్ల మందం తెరిచి ఉంచాలి. వేడి పోతుందనిపించినా తెరవాల్సిందే.

కట్టెలన్నీ స్థానికంగానే కొన్నాం. యాష్ చెట్లను చంపే పచ్చ పురుగు 2009లో మినసోటాలో బయటపడింది, కట్టెల ద్వారానే అది దూరాలకు ప్రయాణిస్తుంది కాబట్టి, నగరం నుంచి కార్లలో కట్టెలు తేవద్దని కోరుతున్నాం. తేమ 20 శాతం లోపు ఉన్నట్టు మీటరుతో చూసిన తరువాతే పేర్చాం. ఓక్ కట్టెలు ఇంకా పచ్చిగా ఉన్నందున వచ్చే ఏడాదికి పక్కన పెట్టాం.

తెలంగాణ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆరు గొంగళ్లు విరాళంగా ఇచ్చింది. గొంగడి మగ్గం మీద నేసేది, ఫెల్ట్ ఉన్నిని తడిపి అదిమి చేసేది. తీరు వేరైనా గొర్రె ఉన్ని ఇచ్చే వెచ్చదనం ఒకటే. వాటిని పిల్లల పక్కల కింద పరిచాం. అక్టోబరు చివర మంచు పడిన రాత్రి పదకొండు మందిమి ప్రయోగంగా అక్కడే పడుకున్నాం. అదే పొయ్యి, నిరుటికంటే తక్కువ కట్టెలు. ఎవరూ లేచి మేజోళ్లు వెతుక్కోలేదు.

అయితే అది నిజమైన చలి కాదు. ఇదే రాష్ట్రంలోని టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. అంత చలి సూచన వస్తే శిబిరం వాయిదా వేస్తాం. కప్పు మీద భారీ మంచు నిలిస్తే వాసాలకు ఆసరాగా నిలిపే గుంజల పని ఇంకా మిగిలి ఉంది. వాసాల మొదళ్లను పట్టి ఉంచే ఉక్కు తాడుకు ఒకచోట తుప్పు కనిపించింది, కొత్త బిగింపులకు ఆర్డరు ఇచ్చాం. భోగి మంటను ఈసారి గాలివాలు చూసుకుని, గుడ్డకు రవ్వలు తగలనంత దూరంలో, చెరువు వైపు వేస్తాం.

శిబిరం రాత్రులలో ఇద్దరేసి చొప్పున పొయ్యి కాపలాకు పేర్లు ఇవ్వవలసిందిగా, డిసెంబరు మొదటి శనివారం గుంజలు నిలిపే పనికి మందపాటి చేతి తొడుగులతో రావలసిందిగా సభ్యులను కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి