డీఎల్‌ఎల్ ఎర్రర్ వచ్చిన రాత్రి సాయం చేసిన అన్నయ్యకి కృతజ్ఞతలు

మా పెద్దమ్మ కొడుకు పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. థాంక్స్ మాత్రం అందరి ముందూ చెప్పాలని ఉంది. రాత్రి బాగా పొద్దుపోయాక ఫోన్ చేసినా విసుక్కోకుండా, నాన్న కంప్యూటర్ బాగయ్యేదాకా లైన్లోనే ఉన్నాడు.

నాన్న లెక్కలు రాసుకునే ప్రోగ్రామ్ తెరవబోతే ఎంఎస్‌వీసీపీ140.డీఎల్‌ఎల్ ఫైల్ లేదని మెసేజ్ వచ్చింది. తెల్లారేసరికి ఆ లెక్కలు పంపాలి, ఇంట్లో ఒకటే టెన్షన్. నెట్‌లో వెతికితే ఆ ఒక్క ఫైల్ ఉచితంగా ఇస్తామనే సైట్లు, ఒక్క క్లిక్‌తో ఎర్రర్లన్నీ పోగొడతామనే టూల్స్ వరసగా వచ్చాయి. ఏది నమ్మాలో తెలియక అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఏదీ డౌన్‌లోడ్ చేయకు. ముందు మెసేజ్ మొత్తం చదివి వినిపించు" అన్నాడు. ఆ ఫైల్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలోదట. మైక్రోసాఫ్టే తన సైట్లో ఉచితంగా ఇస్తుంది. డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రామ్‌తో పాటు నడిచే కోడ్. ఎవరిదో తెలియని సైట్ నుంచి తెచ్చి ఫోల్డర్‌లో పెడితే, ఆ ప్రోగ్రామ్ చేయగలిగినవన్నీ అదీ చేయగలదు. ఫైల్ మంచిదే అయినా ప్రోగ్రామ్ రకానికి సరిపోక 32 బిట్, 64 బిట్ తేడా వస్తే ఇంకో ఎర్రర్ మొదలవుతుంది. ఎక్స్86 (32 బిట్), ఎక్స్64 (64 బిట్) ప్యాకేజీలు రెండూ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే వేయించాడు. రీస్టార్ట్ చేశాక ప్రోగ్రామ్ తెరుచుకుంది.

పని అయిపోయింది కదా అని ఫోన్ పెట్టేయలేదు. నేనీ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఆ తర్వాత చెప్పిన సంగతులే.

2024 నుంచి క్లిక్‌ఫిక్స్ అనే మోసం బాగా పెరిగింది. పేజీ సరిగా తెరుచుకోలేదనో, మీరు మనిషేనని నిరూపించుకోమనో ఒక పెట్టె కనిపిస్తుంది. అందులో బటన్ నొక్కగానే మనకి తెలియకుండా ఒక కమాండ్ (కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశం) క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినవి ఉండే చోటుకి, ఎక్కుతుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి (కమాండ్లు నడిపే రన్ పెట్టె తెరుచుకుంటుంది), కంట్రోల్ వీ కొట్టండి, ఎంటర్ నొక్కండి అంటుంది. మన చేత్తో మనమే నడిపించినట్టవుతుంది కాబట్టి బ్రౌజర్ మామూలుగా ఇచ్చే డౌన్‌లోడ్ హెచ్చరిక కూడా రాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మనం లాగిన్ అయ్యామని సైట్లు గుర్తుపట్టే చిన్న ఫైళ్లు) దొంగల చేతికి పోతాయి. ఇలా దొంగిలించే లుమ్మా అనే మాల్వేర్ 2025లో మార్చి 16, మే 16 మధ్య 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలోకి దూరిందని మైక్రోసాఫ్టే చెప్పింది.

నాకో అనుమానం వచ్చింది. పాడైన విండోస్ ఫైళ్లని సరిచేసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ లాంటి అసలైన రిపేర్లకి కూడా కమాండే కొట్టాలి కదా, మరి తేడా ఎలా తెలుస్తుంది? దీనికి అన్నయ్య ఇచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. ఎస్‌ఎఫ్‌సీ విండోస్‌లో ముందే ఉన్న పనిముట్టు, మనం టైప్ చేసుకునేంత చిన్నది, ఏం చేస్తుందో మైక్రోసాఫ్ట్ సైట్లో రాసి ఉంటుంది. ఎవరైనా పేస్ట్ చేయమంటే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడమన్నాడు. అందులో పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) అన్న మాట, ఏదో వెబ్ అడ్రస్, అర్థం కాని పొడవాటి అక్షరాల వరస కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

స్క్రీన్ నిండా హెచ్చరిక వచ్చి ఫోన్ నంబర్ చూపిస్తే అది కచ్చితంగా మోసమేనని కూడా చెప్పాడు. మైక్రోసాఫ్ట్ అసలు ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. ఆల్ట్ ఎఫ్4 నొక్కినా పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయాలి.

అన్నయ్యా, నాన్న లెక్కలు టైముకే పంపేశారు. నువ్వు చెప్పినట్టే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేశాం, ఏమీ దొరకలేదు. ఆ రాత్రి నీ నిద్ర మానుకుని ఇంత ఓపిగ్గా చెప్పినందుకు నాన్న, అమ్మ, నేను మనస్ఫూర్తిగా థాంక్స్ చెబుతున్నాం.